పిల్లలకు బట్టలు కొనే ముందు

మా కాన్పుల వార్డులో రెండో రోజున దాదాపు ప్రతి మంచం దగ్గరా ఒకే వాదన నడుస్తుంది. బిడ్డ నాన్నో, మేనమామో లక్ష్మీనగర్ బజారుకు వెళ్లి కొత్త గౌను, టోపీ, మేజోళ్లు ఉన్న సెట్టును డబ్బాతో సహా తెస్తాడు. అమ్మమ్మ ఆ డబ్బా మూత తీయనివ్వదు. "ఇరవై ఒక్క రోజు కానియ్యి బిడ్డా, అప్పటిదాక కొత్తది తొడగద్దు" అంటుంది. ఇద్దరూ నా వైపు తిరుగుతారు. "మీరే చెప్పుండ్రి సిస్టరమ్మా!"

నేను చాలాసార్లు అమ్మమ్మ వైపే మాట్లాడతాను. ఆచారం కోసం కాదు. కొత్త బట్ట మీద గంజి ఉంటుంది. బట్టకు సరిగా అంటుకోని రంగు ఉంటుంది. ముడతలు పడకుండా వేసిన రసాయనాలు ఉంటాయి. వాటిలో ఫార్మాల్డిహైడ్ అనేది ఒకటి. అది చర్మానికి మంట, దద్దుర్లు తెచ్చే పదార్థం. పుట్టిన బిడ్డ చర్మం పెద్దవాళ్ల చర్మం కంటే చాలా పలుచన. అమ్మమ్మ దాచి తెచ్చిన పాత నూలు చీర ముక్క వందసార్లు ఉతికినది. అందులో ఇక ఊడవలసినది ఏదీ మిగలలేదు. పొత్తిళ్లకు అంతకంటే మెత్తని బట్ట ఏ దుకాణంలోనూ దొరకదు.

మీలో చాలామంది మమ్మల్ని అడిగేది ఒక్కటే: పిల్లలకు ఏ బట్ట కొనాలి, ఎన్ని కొనాలి? నేను నర్సును, బట్టల వ్యాపారం తెలిసినదాన్ని కాదు. కాని బట్ట వల్ల జరిగే హాని ఆసుపత్రిలో రెండు చోట్ల కనిపిస్తుంది. పిల్లల వార్డులో, అది తొడుక్కున్న బిడ్డ ఒంటి మీద కనిపిస్తుంది. మెడికల్ వార్డులో, ఆ బట్టకు పత్తి పండించిన మనిషి ఊపిరిలో కనిపిస్తుంది. ఈ రెండూ వేర్వేరు సంగతులు అని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. బిడ్డ ఒంటికి మంచిదైన బట్ట చాలావరకు దాన్ని తయారుచేసిన చేతులకు కూడా మంచిదే. పైగా ఆ దారిలో ఖర్చు పెరగదు, తగ్గుతుంది.

ఒంటికి తగిలే బట్ట

మన ప్రాంతపు ఎండలు మీకు చెప్పనక్కరలేదు. మే నెలలో 45 డిగ్రీలు దాటిన రోజున పాలిస్టర్ గౌను, దాని కింద నైలాన్ లైనింగు, నడుముకు బిగుతు ఇలాస్టిక్ వేసి పాపను పెళ్లికి తీసుకుపోతారు. పాలిస్టర్ చెమటను పీల్చుకోదు. చెమట చర్మం మీదనే నిలిచి, రంధ్రాలు మూసుకుపోయి చెమటకాయలు వస్తాయి. పాప గోకుతుంది. గోరు తగిలిన చోట చీము పడుతుంది. నాలుగో రోజున మా ఓ.పి.లో ఉంటారు. ఆయింట్‌మెంటు, సిరప్, ఆటో ఖర్చు కలిపి లెక్కవేస్తే ఆ గౌను ధరకు దగ్గరగానే వస్తుంది.

నేనూ ఈ తప్పు చేసినదాన్నే. ఒక క్రిస్మస్‌కు మా చెల్లెలి కూతురికి చమ్కీలు కుట్టిన నెట్టు గౌను కొన్నాను. దుకాణంలో "ప్యూర్ కాటన్ లైనింగు మేడమ్" అన్నారు, నేను నమ్మాను. ఆరాధన సగంలోనే పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. ఇంటికి వెళ్లి విప్పి చూస్తే చంకల కింద, మెడ చుట్టూ ఎర్రగా చారలు. లోపలి బట్టలో కాటన్ అన్నమాటే లేదు.

అప్పటినుంచి నాకు ఒక అలవాటు. మాట మీద నమ్మకం పెట్టుకోకుండా లోపలి కుట్టు దగ్గర ఉన్న చీటీ చదువుతాను. చీటీ లేకపోతే ఇంటికి వచ్చాక అంచు నుంచి ఒక పోగు లాగి, పిల్లలు దగ్గర లేనప్పుడు పళ్లెంలో పెట్టి అగ్గిపుల్లతో అంటిస్తాను. నూలు పోగు కాగితం కాలిన వాసనతో కాలి మెత్తని బూడిద అవుతుంది. పాలిస్టర్ పోగు ముడుచుకుని, కరిగి, నల్లని గట్టి పూసలా మిగులుతుంది. ప్లాస్టిక్ కాలిన వాసన వస్తుంది. రెండూ కలిపినదైతే కొంత బూడిద, కొంత పూస.

ఆ పూసను ఒకసారి వేలితో నొక్కి చూడండి. అది చర్మం మీద ఏమి చేస్తుందో మీకే అర్థమవుతుంది. దీపావళి రాత్రి ఆరేళ్ల పాపను తెచ్చారు. చిచ్చుబుడ్డి నిప్పురవ్వ నెట్టు గౌను కుచ్చిళ్లకు తగిలింది. నూలు గౌనుకు కూడా నిప్పు అంటుకుంటుంది, ఆ మాట దాచను. కుచ్చిళ్లు ఎక్కువ ఉన్న వదులు బట్ట ఏదైనా నిప్పు దగ్గర ప్రమాదమే. కాని కరిగిన సింథటిక్ బట్ట చర్మానికి అతుక్కుని అక్కడే కాలుస్తూ ఉంటుంది. ఆ పాప కాళ్ల మీది డ్రెస్సింగులు మార్చిన వారాలు నేను మరిచిపోలేదు. ఇంట్లోవాళ్లు కంగారులో అతుక్కున్న బట్టను లాగేశారు. దానితోపాటు చర్మం కూడా వచ్చింది.

అలాంటప్పుడు ఏం చేయాలో ఇక్కడే చెబుతాను. పిల్లను పరుగెత్తనివ్వకండి. కింద పడుకోబెట్టి దొర్లించండి, లేదా మందపాటి నూలు దుప్పటితో కప్పి మంట ఆర్పండి. తరువాత కాలిన చోట మామూలు చల్లని నీళ్లు 20 నిమిషాలు పోస్తూ ఉండండి. మంచు ముక్కలు వద్దు. అతుక్కున్న బట్టను లాగవద్దు, వదులుగా ఉన్నదాన్ని మాత్రం కత్తిరించండి. సిరా, పేస్టు, పసుపు, ఆవు పేడ ఏదీ రాయవద్దు. శుభ్రమైన పలుచని బట్ట కప్పి వెంటనే తీసుకురండి.

మెడ దగ్గర లాగి కట్టే నాడాలున్న అంగీలు చిన్నపిల్లలకు కొనకండి. ఊయల కొక్కేనికో, తలుపు గడియకో చిక్కుకుంటే గొంతు బిగుస్తుంది. మూడేళ్ల లోపు పిల్లల బట్టల మీద పూసలు, వదులు గుండీలు ఉంటే కొన్నరోజే పీకి చూడండి. మీ చేతికి ఊడినది వాళ్ల నోట్లోకి వెళుతుంది.

కలరా ఉండలు

అమ్మమ్మ వైపు మాట్లాడతానన్నాను. ఒక్క విషయంలో మాత్రం అమ్మమ్మలతో గట్టిగా పోట్లాడతాను. పాత చీర ముక్కలు, బొంతలు, నాన్న చిన్నప్పటి ఊలు టోపీ, ఇవన్నీ ట్రంకు పెట్టెలో కలరా ఉండలు వేసి దాస్తారు. మన వైపు డాంబర్ గోలీలు అని కూడా అంటారు. అవి నాఫ్తలీన్. కొంతమంది పిల్లలకు పుట్టుకతోనే ఎర్ర రక్తకణాల్లో జి6పిడి అనే ఎంజైము తక్కువగా ఉంటుంది. ఈ లోపం మగపిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది. బయటికి ఏ గుర్తూ ఉండదు. అలాంటి పసిబిడ్డను నాఫ్తలీన్ వాసన పట్టిన బట్టల్లో చుడితే ఆ ఆవిరి ఒంట్లోకి చేరి ఎర్ర కణాలు పగిలిపోతాయి. కామెర్లు ఒక్కసారిగా పెరుగుతాయి. అవి మరీ పెరిగితే మెదడు దెబ్బతిని బిడ్డ జీవితాంతం బాధపడవచ్చు.

డిశ్చార్జి అయి వెళ్లిన ఒక బాబును అయిదో రోజున పచ్చని ముఖంతో మళ్లీ తెచ్చారు. కళ్లు కూడా పసుపు. నేను బిడ్డను చేతుల్లోకి తీసుకోగానే బొంత నుంచి ఆ వాసన గుప్పుమంది. కరీంనగర్ పంపాం, అక్కడ రక్తం మార్చారు. బాబు బతికాడు, ఇప్పుడు బడికి వెళుతున్నాడు. ఆ అమ్మమ్మ నా చేతులు పట్టుకుని "మంచిగుండాలనే ఏసిన సిస్టరమ్మా" అన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. ఆమె తప్పు కాదు, మేము ముందే చెప్పకపోవడం మా తప్పు. అందుకే ఇప్పుడు గర్భిణీలకు ఏడో నెలలోనే చెబుతున్నాం.

బిడ్డ బట్టల పెట్టెలో కలరా ఉండలు వేయవద్దు. ఎండిన వేపాకు గుడ్డలో మూటకట్టి వేయండి. ఇంతకు ముందే వేసి ఉంటే, ఆ బట్టలు ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా రోజుల తరబడి ఎండలో, గాలిలో వేయండి. వాసన పోకపోతే పసిబిడ్డకు వాడకండి. బిడ్డ కళ్లు, అరికాళ్లు పచ్చబడితే ఎండలో పెట్టి చూద్దాం అనుకోకుండా అదే రోజు తీసుకురండి.

పత్తి చేను నుంచి అంగీ దాకా

కాటన్ మంచిది అన్నాను. అది ఎక్కడి నుంచి వస్తుంది? మన చుట్టూ ఉన్న చేలల్లోనే. పెద్దపల్లి, మంథని, జమ్మికుంట వైపు వెళితే చలికాలమంతా ట్రాక్టర్ల నిండా తెల్లగా పత్తి కనిపిస్తుంది. తెల్లబంగారం అంటారు. ఆ తెలుపు వెనుక నేను చూసినవి చెబుతాను.

వానలు ముదిరాక పత్తికి మందు కొట్టే కాలంలో మా దగ్గరికి కొందరు వస్తారు. పురుగుమందు తాగి వచ్చినవాళ్ల సంగతి వేరు. వీళ్లు కొట్టి వచ్చినవాళ్లు. వాంతులు, నోటి వెంట నురగ, చెమటలు, కంటిపాప గుండుసూది మొన అంత చిన్నది అయిపోతుంది. అట్రోపిన్ ఇంజెక్షన్లు వేస్తూ రాత్రంతా కూర్చుంటాం. ముఖానికి గుడ్డ కట్టుకోకుండా, గాలికి ఎదురుగా, లుంగీ తడిసేలా కొట్టి ఉంటారు. ఇంటికి వెళ్లాక ఆ లుంగీని బిడ్డ గుడ్డలతో కలిపి ఒకే బకెట్లో నానబెడతారు. దయచేసి అలా చేయకండి. మందు కొట్టిన బట్టలు వేరుగా, చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని ఉతకండి. బాయి మీద నుంచి వచ్చిన నూనె, బొగ్గుమసి బట్టలకు కూడా ఇదే మాట.

పత్తి గింజ కథ ఇంకా బాధ కలిగించేది. హైబ్రిడ్ పత్తి విత్తనం కావాలంటే ఒక్కొక్క పువ్వునూ చేత్తో పట్టుకోవాలి. సాయంత్రం మొగ్గ విప్పి మగ కేసరాలు గిల్లివేయాలి. మర్నాటి ఉదయం వేరే మొక్క పుప్పొడి తెచ్చి అద్దాలి. ఈ పని రోజూ, నెలల తరబడి సాగుతుంది. 1990లలో, 2000ల మొదట్లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల విత్తన పొలాల్లో ఈ పనిలో ఎక్కువగా ఉన్నది బడి ఈడు ఆడపిల్లలు. తల్లిదండ్రులు తీసుకున్న అప్పుకు పిల్ల పనిలో కుదిరేది. కూలి పెద్దవాళ్ల కంటే తక్కువ. మందు కొట్టిన చేలోనే పొద్దుగూకేదాకా నిలబడేది. పరిశోధకులు దావులూరి వెంకటేశ్వర్లు గారు 2003లో వెలువరించిన అధ్యయనంతో విదేశీ విత్తన కంపెనీలు సైతం జవాబు చెప్పవలసి వచ్చింది. పనిలో ఉన్న పిల్లలను బడికి తెచ్చిన ఎం.వి. ఫౌండేషన్ శాంతా సిన్హా గారికి అదే 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. మన పాప ఒంటి మీది మెత్తని కాటన్ గౌను ఇంకొక పాప బడి మానితే వచ్చినది కావచ్చు. నాకు ఈ సంగతి తెలిసిన రోజున చాలాసేపు ఏ పనీ తోచలేదు.

వేరే దారి లేదా అంటే, ఉంది. మన సింగరేణి ప్రాంతమే అయిన కొత్తగూడెం దగ్గర, పాల్వంచ వైపు పునుకుల అనే ఊరు ఉంది. పత్తికి మందులు కొట్టి కొట్టి అప్పుల్లో కూరుకుపోయిన ఆ ఊరి రైతులు వేపగింజల కషాయం, మిరప-వెల్లుల్లి కషాయం, దీపపు ఎరలు వాడి పత్తి తీశారు. 2004 ప్రాంతానికి పురుగుమందు లేని ఊరుగా పేరు తెచ్చుకున్నారు. జనగామ వైపు ఏనబావి 2006లో ఊరు మొత్తం సేంద్రియ సాగుకు మారినట్లు ప్రకటించుకుంది. 2002లో బీటీ పత్తి వచ్చాక మందు కొట్టడం కొంత తగ్గింది. తరువాత రసం పీల్చే పురుగులు, గులాబీ రంగు పురుగు వచ్చి మళ్లీ పంపు భుజానికెక్కింది.

చేను దాటాక జిన్నింగు మిల్లు, నూలు మిల్లు. అక్కడ గాలిలో పత్తి దుమ్ము. దుమ్ము ఊపిరితిత్తుల్లో ఏం చేస్తుందో గని కార్మికుల కుటుంబాలకు నేను చెప్పవలసిన పని లేదు. పత్తి దుమ్ముతో వచ్చే జబ్బును బిస్సినోసిస్ అంటారు. మొదట్లో దానికి ఒక వింత లక్షణం ఉంటుంది. వారానికి ఒకరోజు సెలవు తీసుకుని మళ్లీ పనిలోకి వెళ్లిన రోజునే ఛాతీ బిగిసినట్లు ఉండి ఆయాసం ఎక్కువ అవుతుంది. ఏళ్లు గడిస్తే అది అన్ని రోజులకూ పాకుతుంది. తమిళనాడు నూలు మిల్లుల్లో సుమంగళి అనే పేరుతో ఒక పద్ధతి నడిచింది. పేద ఇళ్ల ఆడపిల్లలను హాస్టల్లో ఉంచి మూడేళ్లు పని చేయించుకుని, పెళ్లి ఖర్చుకని చివర్లో ఒకేసారి డబ్బు ఇస్తామనేవారు. మధ్యలో జబ్బుపడి ఇంటికి పోయిన పిల్లలకు చాలాసార్లు ఆ మొత్తం దక్కలేదు.

తరువాత కుట్టు. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో, ఢాకా దగ్గర సవార్‌లో రానా ప్లాజా అనే ఎనిమిది అంతస్తుల భవనం కూలింది. అందులోని కుట్టు ఫ్యాక్టరీల్లో పనిచేస్తున్న 1,100 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్లు. వాళ్లు కుట్టిన వాటిలో విదేశీ కంపెనీల పిల్లల బట్టలూ ఉన్నాయి. ముందురోజే గోడలు బీటలు వారాయి. కింది అంతస్తులోని బ్యాంకు తన సిబ్బందిని పంపించివేసింది. కుట్టేవాళ్లను మాత్రం మర్నాడు లోపలికి పిలిచారు. రూఫు సరిగా లేదని తెలిసి షిఫ్టులోకి దిగడం అంటే ఏమిటో ఈ పుస్తకం చదివే ఇళ్లల్లో చాలామందికి తెలుసు. 2003 జూన్‌లో మన ఏడో ఎల్.ఇ.పి. గనిలోకి నీళ్లు చేరి 17 మంది పోయిన రోజులు గోదావరిఖని మరిచిపోలేదు. ఆ బొగ్గుతో వెలిగే బల్బు కింద కూర్చున్నవాడు ఆ 17 మందిని తలచుకోకపోతే మనకు ఎలా ఉంటుంది? బట్ట సంగతిలో మనం ఆ బల్బు కింద కూర్చున్నవాళ్లం.

ధర సంగతి

దసరాకు లాభాల వాటా, దీపావళికి బోనసు పడగానే బజారులో అడుగు పెట్టడానికి సందు ఉండదు. "రెండు కొంటే ఒకటి ఉచితం" అని బోర్డు కనిపిస్తుంది. తక్కువ ధరకు కొనడం తప్పు అని నేను అనను. కాంట్రాక్టు కార్మికుడి జీతంతో ముగ్గురు పిల్లలకు పండుగ చేయడం ఎంత కష్టమో నాకు తెలుసు. కాని మరీ చవకైన గౌను చేతికి తీసుకున్నప్పుడు ఒక లెక్క వేసి చూడండి. అందులో బట్ట ఉంది, దారం, గుండీలు ఉన్నాయి, లారీ కిరాయి ఉంది, దుకాణం అద్దె, లాభం ఉన్నాయి. ఇవన్నీ తీసివేస్తే కుట్టిన మనిషికి ఎంత మిగిలి ఉంటుంది?

ధర ఎక్కువ ఉన్నంత మాత్రాన ఆ మనిషికి ఎక్కువ ముట్టిందని కూడా కాదు. పెద్ద షోరూములో వెయ్యి రూపాయలకు అమ్మే గౌను కూడా అదే షెడ్డులో కుట్టినది కావచ్చు. కాబట్టి ఖరీదైనది కొనమని నా సలహా కాదు. తక్కువ కొనండి, ఎక్కువ కాలం వాడండి.

పుట్టిన బిడ్డ బరువు అయిదు నెలలకు రెట్టింపు అవుతుంది, ఏడాదికి మూడు రెట్లు. అంటే ఏ బట్టా నాలుగు నెలలు పట్టదు. మొదటి మూడు నెలలకు ముందు వైపు టిచ్ బటన్లో, ముడులో ఉన్న నూలు జుబ్బాలు ఆరు, రెండు టోపీలు, పాత నూలు చీరతో చేసిన పొత్తిగుడ్డలు నాలుగైదు, కింద వేసే గుడ్డలు ఒక ఇరవై, చలికాలమైతే రెండు స్వెట్టర్లు. ఇంతే. తొట్టెల ఫంక్షనుకు చుట్టాలు తెచ్చే డజను సెట్లలో సగం మడత విప్పకుండానే పొట్టివైపోతాయి. దగ్గరి చుట్టాలకు ముందే చెప్పండి: ఏడాది పిల్ల సైజు తెండి, లేదా నూలు బట్ట మీటర్లలో తెండి అని. మొదట నొచ్చుకుంటారు, తరువాత వాళ్లూ అదే చేస్తారు.

మీటర్లలో కొన్న నూలు బట్టను మీ వాడలోని కుట్టు మిషను అక్కకు ఇవ్వండి. గౌను అంచులో మూడు వేళ్ల మడత లోపలికి పెట్టి కుట్టమనండి, భుజాల దగ్గర కూడా కొంచెం. పాప ఎదిగినకొద్దీ విప్పుకుంటూ పోవచ్చు. ఒక గౌను రెండేళ్లు నిలుస్తుంది. కుట్టుకూలి ఎవరికి చేరిందో మీ కళ్లతో మీరే చూస్తారు. నా లెక్కలో ఇంతకు మించిన న్యాయమైన బట్ట లేదు.

బట్ట ఎక్కడ కొనాలి అంటే, చేనేత సహకార సంఘాల దుకాణాలు ఉన్నాయి. వెనుకటి ఆప్కో, తెలంగాణ వచ్చాక టెస్కో. చేనేత తువ్వాలు, ధోవతి బట్ట పసిపిల్లలకు చాలా బాగుంటుంది. ధోవతి ముక్కతో జుబ్బాలు కుట్టించుకున్న తల్లులు మా వార్డులో ఉన్నారు. మల్కా అనే నూలు బట్ట కూడా మన రాష్ట్రంలో తయారవుతుంది, చక్కని మెత్తన. ధర మాత్రం మనలాంటివాళ్లకు పండుగ బట్ట ధరే.

కరీంనగర్ దాటి వెళితే సిరిసిల్ల. అక్కడి మరమగ్గాల మీద వచ్చేది ఎక్కువగా పాలిస్టరే. పాలిస్టర్ వద్దు అన్నాను కదా, మరి సిరిసిల్ల నేతన్న ఏం కావాలి? ఆర్డర్లు లేక, అప్పులు తీరక అక్కడ ఎన్ని ప్రాణాలు పోయాయో మనకు తెలియనిది కాదు. 2017 నుంచి కొన్నేళ్లు బతుకమ్మ చీరల ఆర్డర్లతో ఆ మగ్గాలు ఆడాయి. సర్కారు బడి యూనిఫారం బట్ట కూడా అక్కడ నేస్తారు, మహిళా సంఘాల అక్కలు కుడతారు. పెద్దవాళ్లు తొడుక్కోండి, కర్టెన్లకు వాడండి, బడి పిల్లలకు వేయండి. రెండేళ్ల లోపు పిల్లకు, ఎండాకాలంలో, నిప్పు దగ్గర మాత్రం వద్దు. నా అభ్యంతరం అంతవరకే.

దుకాణంలో

పెద్ద దుకాణాల్లో, ఫోనులో ఆర్డరిచ్చే వాటిలో కొన్ని గుర్తులు కనిపిస్తాయి. గాట్స్ అనే సేంద్రియ నూలు గుర్తు ఉంటే ఆ బట్టలో కనీసం 70 శాతం సేంద్రియ పోగు ఉండాలి. రంగులు, మురుగునీరు, కార్మికుల వయసు, పని గంటలు కూడా తనిఖీ చేస్తారు. ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 అనే గుర్తు హానికర రసాయనాల పరీక్షకు సంబంధించినది. మూడేళ్ల లోపు పిల్లల బట్టలకు అందులో అన్నిటికంటే కఠినమైన తరగతి ఉంది. అయితే అది కుట్టిన మనిషి కూలి గురించి ఏమీ చెప్పదు. 2006లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన హ్యాండ్లూమ్ మార్కు ఉంటే అది చేతిమగ్గం బట్ట. ఉత్తగా "ఆర్గానిక్" అని, "ఎకో" అని ఆకు బొమ్మ వేసి ఉంటే దానికి విలువ ఇవ్వకండి. ఎవరైనా వేసుకోవచ్చు.

మన బజారులో ఇవి అరుదు. అందుకే అడగండి. ఇది ఎక్కడిది? వంద శాతం కాటనేనా, చీటీ ఏది? రంగు పోతుందా? తెల్ల చేతిరుమాలు తడిపి లోపలి వైపు రుద్ది చూడండి. రంగు అంటితే పసిపిల్లకు వద్దు. దుకాణదారుడు మొదటిసారి నవ్వుతాడు. పదిమంది అడిగితే పైవాడిని అడుగుతాడు. ఒక్క ప్రశ్నతో ఫ్యాక్టరీ మారిపోతుందని నేను చెప్పను. కాని ఈ ఫ్యాక్టరీలు ఇప్పుడు దూరదేశంలో మాత్రమే లేవు. పసిపిల్లల బట్టలు ఎగుమతి చేసే కేరళ సంస్థ కిటెక్స్ వరంగల్ దగ్గరి కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో పెట్టుబడికి 2021లో మన ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. ఇలాంటి చోట్ల మిషను ముందు కూర్చునేది మన ఇళ్లలో ఇంటర్ చదివిన ఆడపిల్లలే. పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ., మరుగుదొడ్డి, ఓవర్‌టైము గురించి సింగరేణి కార్మికుల కుటుంబాలకు ఉన్నంత తెలివి ఎవరికి ఉంటుంది? పిల్లను పనికి పంపే ముందు అవి అడగండి.

కొన్న బట్టను తొడిగే ముందు ఒకసారి, పసిబిడ్డదైతే రెండుసార్లు మామూలు సబ్బుతో ఉతికి బాగా జాడించండి. సువాసన ద్రవాలు అక్కరలేదు. ఎండలో ఆరవేయండి, ఆరగానే తీసి గట్టిగా దులిపి మడవండి. ఓపెన్ కాస్టుల దగ్గర ఉండేవాళ్లు తీగ మీద సాయంత్రం దాకా వదిలితే ఉతికిన ఫలం ఉండదు, తెలుసు కదా.

ఒకరి బట్టలు ఒకరికి

పాత బట్టలు ఇస్తే స్టీలు గిన్నె ఇచ్చే అమ్మలు మన వాడలకు వస్తారు. అదీ మంచిదే, ఆ బట్టలు మళ్లీ ఎవరో ఒకరు తొడుక్కుంటారు. కాని పసిపిల్లల బట్టలు గిన్నెకు వేయకండి. అవి అరగవు. నాలుగు నెలలు వాడిన జుబ్బా ఇంకో ముగ్గురు పిల్లలకు పనికివస్తుంది. "మా బిడ్డకు ఒకరు విడిచినయి ఎందుకు?" అనే మాట వింటూ ఉంటాను. అన్న విడిచినవి తమ్ముడు తొడుక్కుంటే లేని నామోషీ పక్కింటి బాబువి అయితే ఎందుకు?

మా కాన్పుల వార్డు బయట ఆకుపచ్చ అల్మారా ఒకటి ఉంది. పిల్లలు ఎదిగాక తల్లులు తెచ్చి పెట్టిన బట్టలు అందులో ఉంటాయి. కొన్ని రాత్రులు అడవి ఊళ్ల నుంచి 108లో వచ్చే తల్లుల చేతిలో ఒక సంచి కూడా ఉండదు. బిడ్డను చుట్టే మొదటి గుడ్డ ఆ అల్మారా నుంచే తీస్తాం. మీకు కావలసినా మొహమాటం లేకుండా అడగండి, ఎవరు తీసుకున్నదీ రాసుకోము.

ఇచ్చేవాళ్లకు మూడు మాటలు. ఉతికి, ఎండలో ఆరేసి తెండి. ఇంట్లో ఎవరికైనా గజ్జి ఉంటే వేడినీళ్లలో ఉతికి, ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి వారం రోజులు ఉంచి తెండి. గజ్జి పురుగు మనిషి ఒంటి మీద లేకుండా రెండు మూడు రోజులకు మించి బతకదు. కలరా ఉండల వాసన ఉన్నవి మాత్రం తీసుకోము. తాళం చెవి డ్యూటీ సిస్టర్ దగ్గర ఉంటుంది. జుబ్బాలు ఇప్పుడు సరిపడా ఉన్నాయి. ఊలు స్వెట్టర్లు, టోపీలు చలి మొదలైన వారానికే అయిపోతాయి. ఏడాది లోపు సైజువి ఇంట్లో ఉంటే ముందు అవి తెండి.